సీహెచ్‌సీలో డాక్టరుగా చేరాలా, వద్దా? విజయవాడ, గుంటూరు వైపు వాళ్లు మూడు వారాల్లో తేల్చుకునే పద్ధతి

నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తాయి. "ఎంబీబీఎస్ అయిపోయింది, సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) చేరమంటారా?" "పీజీ పూర్తయింది, కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లాలా, ప్రభుత్వ పోస్టు తీసుకోవాలా?" చాలామంది జీతం ఎంతో, ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లో చూసి తేల్చేస్తారు. అవి రెండూ చూడాల్సినవే. కానీ వాటికంటే ముందు తెలియాల్సింది ఒకటుంది: రాత్రి పదకొండు గంటలకు ఆ భవనంలో మీతోపాటు ఎవరుంటారు, మీ చేతికి ఏం అందుతుంది? ఈ సంగతి బాగున్న చోట మిగతా ఇబ్బందులు ఓర్చుకోవచ్చు. ఇది బాగాలేని చోట మంచి జీతం కూడా ఆరు నెలలకే బరువనిపిస్తుంది.

కింది వరుసను అందుకే ఇలా పెట్టాం. మొదటి వారం కాగితాలు చదవడం, మీ చేతి పనిని మీరే పరీక్షించుకోవడం. రెండో వారం ఆసుపత్రి చూసి రావడం. మూడో వారం ఇంటి లెక్క, నిర్ణయం. ఆర్డరు చేతికొచ్చాక మొదలుపెడితే టైము చాలదు. దరఖాస్తు పెట్టిన రోజే మొదలుపెట్టండి.

1. ఏ పోస్టు, ఎవరి కింద?

"గవర్నమెంటు డాక్టరు" అనే ఒక్క మాటలో మూడు నాలుగు రకాల ఉద్యోగాలున్నాయి. ముందు వాటిని విడదీసుకోండి.

పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అంటే మైదాన ప్రాంతంలో సుమారు 30,000 మందికి ఒకటి. పని ఎక్కువగా ఓపీ, టీకాలు, బీపీ, షుగరు, టీబీ కార్యక్రమాలు, 104 బండి వెంట ఊళ్లకు వెళ్లడం. ఇది ప్రజారోగ్య శాఖ కింద, జిల్లాలో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆధీనంలో నడుస్తుంది.

సీహెచ్‌సీ అంటే ప్రమాణాల ప్రకారం మైదానంలో 1,20,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 80,000 మందికి ఒకటి. 30 పడకలు ఉండాలి. క్యాజువాలిటీ (అత్యవసర విభాగం), వార్డు, కాన్పులు, మెడికో లీగల్ (పోలీసు, కోర్టుతో ముడిపడిన) కేసులు, పోస్టుమార్టం, కోర్టు సాక్ష్యం అన్నీ ఉంటాయి. ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి కూడా ఇదే గొడుగు కింద ఉంటాయి. పాతవాళ్లు ఇప్పటికీ "ఏపీవీవీపీ" (ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్) అనే పిలిచే ఈ వ్యవస్థ పేరు ఇప్పుడు సెకండరీ హెల్త్ డైరెక్టరేట్. జిల్లాలో డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి) చూస్తారు.

గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రులు మెడికల్ కాలేజీలకు అనుబంధం. అవి డీఎంఈ (వైద్య విద్య డైరెక్టర్) కింద ఉంటాయి. అక్కడి పనితో సీహెచ్‌సీ పనిని పోల్చుకోకండి.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, సెలవు, బదిలీ, ఫిర్యాదు అన్నీ ఏ ఆఫీసు గుండా వెళ్తాయో దీన్నిబట్టే తేలుతుంది. పైగా స్పెషలిస్టుగా సీహెచ్‌సీకి వెళ్తే మీ విభాగంలో అక్కడ మీరొక్కరే ఉండే అవకాశం ఎక్కువ. పెద్దాసుపత్రిలో యూనిట్ చీఫ్‌ను అడిగి చేసిన నిర్ణయాలను ఇక్కడ మీరే తీసుకోవాలి. ఎంబీబీఎస్‌తో వెళ్తే క్యాజువాలిటీ, రాత్రి డ్యూటీల్లో సింహభాగం మీ మీదే పడుతుంది.

2. నోటిఫికేషన్‌ను పెన్ను పట్టుకుని చదవండి

ఒకసారి పైపైన చూసి వదిలేయకండి. కింది వాటిని ఒక్కొక్కటే వెతికి గుర్తు పెట్టుకోండి.

- రెగ్యులరా, కాంట్రాక్టా, లేక పీజీ బాండు కింద తప్పనిసరి సర్వీసా?
- పోస్టు జోనల్‌దా, రాష్ట్రస్థాయిదా? నాలుగు జోన్ల పాత లెక్కలో పాత కృష్ణా జిల్లా 2వ జోన్‌లో, పాత గుంటూరు జిల్లా 3వ జోన్‌లో ఉన్నాయి. రెండు నగరాల మధ్య దూరం దాదాపు 35 కిలోమీటర్లే అయినా కాగితం మీద అవి వేర్వేరు. విజయవాడలో ఇల్లుండి, తాడేపల్లి అవతలి ఊరు దగ్గరే కదా అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.
- మార్కులు ఎలా వేస్తారు? ఇటీవలి నోటిఫికేషన్లలో 100కు 75 డిగ్రీ మార్కులకు, 10 పాసయ్యాక గడిచిన ఏళ్లకు, 15 కాంట్రాక్టు సర్వీసుకు కేటాయించారు. ఆరు నెలల సర్వీసుకు గిరిజన ప్రాంతంలో 2.5, గ్రామంలో 2, పట్టణంలో 1 మార్కు లెక్క.
- ప్రైవేటు ప్రాక్టీసు మీద షరతు ఏముంది? కొత్త నియామకాల్లో నిషేధం పెడుతున్నారు. సాయంత్రం క్లినిక్ ఆదాయం కలుపుకుని లెక్క వేసుకున్నవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గరే మనసు మార్చుకోవాల్సి వస్తుంది.
- ఇన్‌సర్వీస్ పీజీ కోటాకు (సర్వీసులో ఉన్న ప్రభుత్వ డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్లకు) ఎన్నేళ్ల సర్వీసు కావాలి, ఏ ప్రాంతం సర్వీసు లెక్కలోకి వస్తుంది? కోటా శాతం జీవోలతో మారుతుంది. 2024లో పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగింది దీని మీదే. సీనియర్ చెప్పిన అంకెను నమ్ముకోకుండా ఆ ఏడాది జీవో తీసి చదవండి.
- పీజీ డిగ్రీని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించారా? ఇది మరిచిపోయి సర్టిఫికెట్ల పరిశీలన రోజున విజయవాడ కౌన్సిల్ ఆఫీసుకు పరుగెత్తేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇక్కడ తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం తేడా లేదు. జీవో భాష అందరికీ కష్టమే. అర్థంకాని పేరాను డీసీహెచ్‌ఎస్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును అడగండి. చాలాసార్లు సరైన సమాధానం అక్కడే దొరుకుతుంది.

3. మీ చేతులకు మీరే పరీక్ష పెట్టుకోండి

ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: "ఒక్కణ్నే చేయగలను", "పక్కన ఒకరుంటే చేయగలను", "చేయలేను". కింది పనులను ఏదో ఒక గడిలో వేయండి. పుస్తకంలో చదివింది లెక్కలోకి రాదు. గత ఏడాదిలో మీ చేత్తో చేసిందే లెక్క.

పాము కాటు. కృష్ణా డెల్టా వరి పొలాల్లోనూ, పల్నాడు మెట్టలోనూ ఇది మామూలు కేసు. ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేయడం వచ్చా? శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా నిలబెట్టి, సరిగ్గా ఇరవై నిమిషాలకు వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బు నీళ్లతో కడిగిన గాజు గొట్టం వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అవసరం లేని మనిషికి విరుగుడు ఎక్కిస్తారు. మధ్యలో "గడ్డకట్టిందా?" అని ఊపి చూస్తే పరీక్ష పాడైనట్టే. విరుగుడు మొదటి మోతాదు 10 వయల్స్. పక్కనే సిరంజిలో అడ్రినలిన్ లోడ్ చేసి పెట్టుకోవాలి. ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోతే తొడ కండరంలో 0.5 మిల్లీగ్రాము ఇవ్వడానికి అర నిమిషం కూడా ఆలోచించకూడదు.

పురుగుల మందు. పత్తి, మిర్చి పండే పల్నాడు వైపు పోస్టు పడితే ఇది తప్పదు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందు తాగిన కేసులో విరుగుడు అట్రోపిన్‌ను ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోవాలి. కనుపాప పెద్దదైందని ఆపేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. ఛాతీ మీద స్టెత్ పెట్టి, గురగుర పోయి ఊపిరి శుభ్రంగా వినపడేదాకా, నాడి 80 దాటేదాకా, బీపీ నిలదొక్కుకునేదాకా ఇవ్వాలి.

గుర్రపువాతం (ఎక్లాంప్సియా). నొప్పులతో వచ్చిన గర్భిణికి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ నరంలో 4 గ్రాములు, రెండు పిరుదుల్లో చెరో 5 గ్రాములు. అంటే ఒక గ్రాము ఆంపూళ్లు మొత్తం 14. తర్వాతి మోతాదుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లు వస్తోందా అని చూడాలి. ఈ మూడూ నోటికి వచ్చి ఉండాలి.

మిగతావి క్లుప్తంగా:

- కాన్పు తర్వాత రక్తస్రావం: ఆక్సిటోసిన్, గర్భాశయ మర్దన, మూడు గంటల్లోపు ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, కండోమ్ బెలూన్ టాంపొనేడ్ (గర్భాశయంలో బెలూన్ నింపి రక్తాన్ని అదిమి ఆపడం)
- పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే బ్యాగ్, మాస్కుతో ఊపిరి
- ఈసీజీ తీసి గుండెపోటు గుర్తించడం. హబ్ (పెద్ద) ఆసుపత్రిలోని కార్డియాలజిస్టుకు ఈసీజీ చూపించి, సీహెచ్‌సీ స్థాయిలోనే రక్తం గడ్డను కరిగించే టెనెక్టిప్లేజ్ ఇచ్చే పద్ధతి రాష్ట్రంలో ఉంది
- ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలో గొట్టం వేయడం). అది రాకపోతే కనీసం బ్యాగ్, మాస్కుతో అరగంట నిలబెట్టగలగడం
- గాయాల సర్టిఫికెట్, పోస్టుమార్టం రిపోర్టు రాయడం
- అత్యాచార బాధితురాలి పరీక్ష. పోలీసు రిక్విజిషన్ కోసం ఆగనక్కర్లేదు. చికిత్స ఉచితం. కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం రిపోర్టు ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి. రెండు వేళ్ల పరీక్ష నిషిద్ధం

మూడో గడిలో నాలుగు కంటే ఎక్కువ పనులు పడితే కంగారు పడకండి. మూడు వారాల లెక్కకు అదనంగా, రెండు వారాలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో, ఓ వారం లేబర్ రూమ్ రాత్రి డ్యూటీల్లో తెలిసిన పీజీల పక్కన నిలబడితే సగం తగ్గుతాయి. అనుమతి విభాగాధిపతిని (హెచ్‌ఓడీ) అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అంత పని చేశాక కూడా మొదటి గడి ఖాళీగానే ఉంటే, ఈ విడత ఆగి వచ్చే విడత చేరడమే రోగులకూ మీకూ మేలు.

4. ఆసుపత్రిని మూడు వేళల్లో చూడండి

అసలు పని ఇదే. దీనికి కనీసం మూడు రోజులు పెట్టండి. సూపరింటెండెంటును కలిసి, పోస్టు కోసం చూస్తున్నామని చెప్పి, అనుమతి తీసుకునే తిరగండి. దొంగచాటుగా చూసి వచ్చే పని కాదిది. సూటిగా అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు, కొత్త డాక్టరు వస్తే వాళ్లకూ బరువు తగ్గుతుంది కాబట్టి.

మొదటిసారి సోమవారం పొద్దున్న పది గంటలకు. ఓపీ కిటికీ దగ్గర నిలబడండి. చీటీ రాసే దగ్గర నుంచి మందులు తీసుకునే దాకా ఒక ముసలావిడ వెంట నడిచి చూడండి. ఒక్కో డాక్టరు గంటకు ఎంతమందిని చూస్తున్నారో లెక్కపెట్టండి. ఫార్మసీ కిటికీ దగ్గర "బయట కొనుక్కోండి" అనే మాట అరగంటలో ఎన్నిసార్లు వినపడిందో రాసుకోండి.

రెండోసారి మామూలు రోజు సాయంత్రం ఏడింటికి. ఓపీ డాక్టర్లు వెళ్లిపోయాక ఎవరు మిగిలారు? ల్యాబ్ తెరిచి ఉందా? ఎక్స్‌రే తీసే మనిషి ఉన్నారా, ఫోన్ చేస్తే వస్తారా?

మూడోసారి రాత్రి పదకొండుకు. ఈసారి డాక్టరును కాదు, డ్యూటీ స్టాఫ్ నర్సును అడగండి. "సిస్టర్, ఈ నెలలో రాత్రిపూట ఎన్నిసార్లు డాక్టరు గారి కోసం ఫోన్ చేశారు? ఎన్నిసార్లు వచ్చారు?" ఆమె చెప్పే జవాబుతో పాటు, చెప్పే ముందు ఎంతసేపు ఆలోచించిందో కూడా చూడండి.

అనుమతి ఉంటే చూడాల్సిన రిజిస్టర్లు ఇవి.

రిఫరల్ రిజిస్టరు అన్నిటికంటే ముఖ్యం. గత రెండు నెలలవి తిరగేయండి. టైము గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోండి. పగలు పంపినవెన్ని, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఆరు దాకా పంపినవెన్ని? కారణం గడిలో "హయ్యర్ సెంటర్" అని మాత్రమే రాసి ఉంటే అక్కడ ఎవరూ ఆలోచించి రాయడం లేదని అర్థం. "మత్తు డాక్టరు లేరు", "రక్తం లేదు" అని రాసి ఉంటే అది నిజాయితీ ఉన్న చోటు. ఆ లోపం మీకు కూడా ఎదురవుతుంది కాబట్టి ముందే తెలియడం మంచిది.

కాన్పుల రిజిస్టరులో నెలకు ఎన్ని మామూలు కాన్పులు, ఎన్ని సిజేరియన్లు అన్నది చూడండి. సిజేరియన్లన్నీ వారంలో రెండు రోజుల్లోనే పడి ఉంటే మత్తు డాక్టరు ఆ రెండు రోజులే వస్తున్నారన్నమాట. గైనకాలజిస్టుగా వెళ్లేవాళ్లకు ఈ ఒక్క అంకె చాలు. మిగతా అయిదు రోజులూ మీ పని కాన్పు పెట్టెతో తల్లిని అంబులెన్సు ఎక్కించడమే అవుతుంది. రక్త నిల్వ యూనిట్ ఉందా, ఫ్రిజ్‌లో ఈ రోజు ఏ గ్రూపులున్నాయి అని కూడా అడగండి.

స్టాకు లెక్క. ఇక్కడ "ఉందండీ" అన్న మాట చాలదు, లెక్కపెట్టి చూడాలి.

- పాము విరుగుడు: 10 వయల్స్ ఉంటే మొదటి మోతాదుకే సరి. ఆరు గంటల తర్వాత రక్తం ఇంకా గడ్డకట్టకపోతే మరో 10 కావాలి. కనీసం 20 ఉండాలి
- అట్రోపిన్: 0.6 మిల్లీగ్రాముల ఆంపూళ్లు మూడింటితో మొదలుపెట్టి ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తే పదిహేను నిమిషాలకే 45 అయిపోతాయి. ట్రేలో పది పెట్టుకుంటే అది చూపించడానికే పనికొస్తుంది. ఫార్మసీ రాత్రి తాళం ఎవరి దగ్గరుంటుందో అడగండి
- ఆక్సిటోసిన్: ఫ్రిజ్‌లోనే ఉండాలి. మే ఎండల్లో లేబర్ రూమ్ ట్రేలో వారాల తరబడి పడి ఉన్న ఆంపూల్ అవసరానికి పనిచేయకపోవచ్చు
- గాజు గొట్టాలు: ల్యాబ్‌లో కాదు, క్యాజువాలిటీలో
- ఆక్సిజన్: పెద్ద డీ టైప్ సిలిండరులో సుమారు 7,000 లీటర్లు, చిన్న బీ టైప్‌లో 1,500

చివరి అంకెతో ఒక చిన్న లెక్క కట్టండి. నిమిషానికి 10 లీటర్లు పెడితే బీ టైప్ రెండున్నర గంటలే వస్తుంది. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి దాదాపు 120 కిలోమీటర్లు. దారిలో ట్రాఫిక్ పడితే సిలిండరు నగర పొలిమేరలోనే ఖాళీ అవుతుంది. అలాంటి చోట అంబులెన్సులో రెండో సిలిండరు పెట్టించడం ఎవరి పని అని అడిగి చూడండి. చెప్పగలిగినవాళ్లు ఉన్న ఆసుపత్రిలో పని చేయడం సులువు.

5. రాత్రి రక్షణ

ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఈ భాగం దాటేయకండి.

- డ్యూటీ డాక్టరు గదికి లోపలి గడియ ఉందా, పక్కనే బాత్రూమ్ ఉందా?
- ఆ గది నుంచి లేబర్ రూమ్‌కు వెళ్లే వరండాలో లైట్లు వెలుగుతున్నాయా?
- రాత్రి సెక్యూరిటీ గార్డు ఎక్కడుంటారు, పోలీస్ స్టేషన్ ఎంత దూరం?
- సీసీ కెమెరా క్యాజువాలిటీని చూస్తోందా, గేటును మాత్రమేనా?
- లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా?

డాక్టర్ల మీద, ఆసుపత్రుల మీద దాడులను అడ్డుకునే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచే ఉంది. ఆ బోర్డు క్యాజువాలిటీలో కనపడేలా పెట్టారో లేదో చూడండి. గొడవలు ఎక్కువగా రోగి చనిపోయినప్పుడు మొదలవుతాయి. ఆ వార్తను ఎవరు, ఏ గదిలో, ఎవరి ఎదుట చెబుతారో అక్కడ ఒక పద్ధతి ఉందా అని సూపరింటెండెంటును అడగండి. పద్ధతి ఉన్న చోట గొడవలు తక్కువ.

6. ఆ ఊరి జబ్బులు, అదనపు డ్యూటీలు

పోస్టు ఏ మండలంలో పడుతుందో తెలిస్తే పని సగం తెలిసినట్టే. తిరువూరు వైపైతే ఎ.కొండూరు మండలం కిడ్నీ రోగులు, డయాలసిస్ కేసులు. పల్నాడైతే పురుగుల మందు, వడదెబ్బ. డెల్టాలో వానాకాలం జ్వరాలు, డెంగీ, ఎలుకల నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల దగ్గు, ఆయాసం. దేనికి సిద్ధంగా ఉన్నారో దాన్నిబట్టి మూడో భాగంలోని గళ్లను మళ్లీ ఒకసారి చూసుకోండి.

డిప్యుటేషన్లు కూడా ఉద్యోగంలో భాగమే. ఇంద్రకీలాద్రి దసరా, కోటప్పకొండ తిరునాళ్లలో వైద్య శిబిరాలుంటాయి. 2028లో కృష్ణా పుష్కరాలున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో పెట్టినలాంటి శిబిరాలకు ఉన్నపళంగా వెళ్లాల్సి వస్తుంది.

7. డబ్బు, దూరం, ఇల్లు

2022 పే స్కేలులో సివిల్ అసిస్టెంట్ సర్జన్ (ప్రభుత్వ డాక్టరు మొదటి స్థాయి పోస్టు) మూల వేతనం 61,960 రూపాయలతో మొదలవుతుంది. దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ వస్తాయి. ప్రైవేటుతో పోల్చేటప్పుడు నెల జీతాన్ని నెల జీతంతో పోల్చకండి. ఇలా వేయండి:

1. నెలలో డ్యూటీ గంటలు, కాల్ మీద వెళ్లిన గంటలు, ప్రయాణపు గంటలు కూడండి.
2. చేతికొచ్చే జీతంలో నుంచి పెట్రోలు లేదా బస్సు ఖర్చు, రెండో ఇంటి అద్దె ఉంటే అది తీసేయండి.
3. మిగిలిన దాన్ని గంటలతో భాగించండి.
4. ప్రైవేటు ఆఫరుకూ ఇదే లెక్క వేసి పక్కపక్కన పెట్టండి. అక్కడ టార్గెట్లు, సెలవుల్లేని ఆదివారాలు ఉంటే వాటినీ కలపండి.

గంట లెక్కన తేడా చాలాసార్లు ఊహించినంత ఉండదు.

ముఖ గుర్తింపు హాజరు ఉంది కాబట్టి ఆలస్యం నేరుగా రికార్డవుతుంది. రోజూ రానూపోనూ 80 కిలోమీటర్లు దాటే ప్రయాణం పెట్టుకోవద్దని మా గట్టి సలహా. తెనాలిలాంటి రైలు మార్గం మీదున్న ఊరైతే కొంత నయం. నైటు డ్యూటీ దిగి నిద్రమత్తులో హైవే మీద కారు నడపడం ఏ జీతానికీ సరిపోదు. అంతకంటే దూరమైతే ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకోండి. అప్పుడు భార్య లేదా భర్త ఉద్యోగం, పిల్లల బడి, పెద్దవాళ్ల మందులు అన్నీ మాట్లాడుకోవాల్సిందే. ఈ మాటలు ఆర్డరు రాకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడండి. అత్తమామలకో అమ్మానాన్నలకో చివర్లో చెబితే నిర్ణయం మీ చేతిలో ఉండదు.

8. వీలైతే ముందు కొన్నాళ్లు పనిచేసి చూడండి

ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలున్నాయి. పీజీలకు మూడు నెలల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ (జిల్లా స్థాయి ఆసుపత్రిలో తప్పనిసరిగా పనిచేయడం) ఉంది. రెంటినీ పీజీ ప్రవేశ పరీక్ష చదువుకో, థీసిస్‌కో వాడేసుకుంటారు చాలామంది. అలా చేస్తే ఈ నిర్ణయానికి అందే అత్యుత్తమ ఆధారాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

అవి దాటిపోయాయా? ఆరు నెలల కాంట్రాక్టు పోస్టు చూడండి. గ్రామీణ సర్వీసుకు మార్కులు కూడా కలుస్తాయి. పనిచేసే రోజుల్లో పడుకునేముందు ఓ నోట్‌బుక్‌లో మూడే మూడు వాక్యాలు రాయండి: ఇవాళ ఎవరికి నా చేత్తో మేలు జరిగింది, ఏది లేక చేతులు కట్టేసినట్టయింది, రేపు వెళ్లాలనిపిస్తోందా. నెల తర్వాత రెండో వాక్యాలన్నీ ఒకచోట చదవండి. అన్నీ ఒకే వస్తువు గురించో ఒకే మనిషి గురించో అయితే అది సరిచేయగలిగిన లోపం. రోజుకో కొత్త కారణం ఉంటే ఆ కేంద్రం మీది కాదు.

9. నిర్ణయపు కాగితం

పక్కాగా "వద్దు" అనాల్సినవి ఇవి. ఇందులో ఏ ఒక్కటున్నా ఆ కేంద్రం వద్దని, మరో చోటు ఎంచుకోండి:

- రాత్రి డ్యూటీకి స్టాఫ్ నర్సు ఒక్కరే, లేబర్ రూమ్, క్యాజువాలిటీ రెండూ ఆమే చూడాలి
- రిఫర్ చేస్తే 108 ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, సొంత అంబులెన్సు లేదు
- సూపరింటెండెంటు మీకు రిజిస్టర్లు చూపించడానికి ఏ కారణమూ చెప్పకుండా నిరాకరించారు
- మీ మూడో గడిలోని పనులే అక్కడ రోజూ వచ్చే కేసులు

సర్దుకోగలిగినవి వేరే: క్వార్టర్సు పాతవి, ల్యాబ్‌లో కొన్ని పరీక్షలు లేవు, కంప్యూటర్ నెమ్మది, ఆభా (డిజిటల్ ఆరోగ్య గుర్తింపు) నంబరు స్కాన్ దగ్గర ఓపీ ఆలస్యం. వీటి కోసం మంచి కేంద్రాన్ని వదులుకోకండి. మందుల ఇండెంటు ఈ-ఔషధిలో (మందుల ఆన్‌లైన్ వ్యవస్థలో) సరైన టైముకు పెడితే సగం కొరతలు తీరతాయి. చాలాచోట్ల కొరతకు కారణం మంగళగిరిలోని రాష్ట్ర మందుల సరఫరా సంస్థ పంపకపోవడం కాదు, ఇక్కడ నుంచి ఇండెంటు పెట్టకపోవడం.

కౌన్సెలింగ్‌లో ఖాళీల జాబితా తెర మీద పడ్డాక నిమిషాల్లో చెప్పాలి. చూసి వచ్చిన మూడు నాలుగు కేంద్రాలను వరుసగా రాసుకుని జేబులో పెట్టుకు వెళ్లండి. అక్కడ పక్కవాళ్ల మాట విని కొత్త పేరు చెప్పకండి.

10. తరచూ జరిగే తప్పులు

నగరానికి దగ్గరని ఎంచుకోవడం. దగ్గరున్న కేంద్రంలో కేసులన్నీ పెద్దాసుపత్రికి వెళ్లిపోతాయి, చేతి పని మొద్దుబారుతుంది. స్పెషలిస్టు అయితే నెలలో మీ విభాగం ఆపరేషన్లు ఎన్నో చూసి ఎంచుకోండి.

సీనియర్ ఒక్కరి మాట నమ్మడం. మూడేళ్ల కింద బాగున్న చోటు మత్తు డాక్టరు బదిలీతో మారిపోతుంది. ఈ నెల రోస్టరు చూడండి.

"ఏడాది చేసి మానేద్దాం" అని చేరడం. రెగ్యులర్ పోస్టుకు ప్రొబేషన్, బాండు షరతులుంటాయి. మానేయడానికి ఎంత నోటీసు, ఎంత కట్టాలి అన్నది చేరకముందే రాసి పెట్టుకోండి.

మెడికో లీగల్ భయంతోనే వెనకడుగు వేయడం. అది నేర్చుకుంటే వచ్చే పని. కేసు నంబరు, తేదీ, ఎఫ్ఐఆర్ నంబరు ఒక సొంత డైరీలో రాసుకుంటే చాలా ఇబ్బంది తప్పుతుంది. సమన్లు మూడేళ్ల తర్వాత, మీరు వేరే ఊళ్లో ఉన్నప్పుడు వస్తాయి. అప్పుడు ఆ డైరీయే దిక్కు.

11. చేరాలని తేలితే మొదటి పదిహేను రోజులు

- చేరిన రోజే ఛార్జి జాబితా ఇస్తారు. వస్తువు కళ్లతో చూడకుండా సంతకం పెట్టకండి. గడువు దాటిన మందులను వేరే కాగితం మీద రాసి ఇద్దరి సంతకాలతో ఇవ్వండి.
- పెద్దాసుపత్రి క్యాజువాలిటీ, లేబర్ రూమ్, ఎస్ఎన్‌సీయూ (జబ్బుపడ్డ నవజాత శిశువుల విభాగం) డ్యూటీ ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో గోడ మీద అంటించండి. రిఫర్ చేసిన ప్రతి కేసుకు ముందుగా ఫోన్, చేతికి చీటీ. చీటీలో ఇచ్చిన మందు, ఎంత, ఎన్నింటికి అన్నవి తప్పనిసరి.
- ఏఎన్ఎంలు, ఆశాలతో ఒక అరగంట కూర్చోండి. తొమ్మిదో నెల పడిన గర్భిణుల పేర్లు వాళ్ల దగ్గరుంటాయి. ఎవరిని ఎప్పుడు పంపాలో వాళ్లతోనే తేల్చుకోండి.
- మొదటి వారంలోనే రాత్రి బృందంతో ఒకసారి పాము కాటు రిహార్సల్ చేయండి. గాజు గొట్టం ఎక్కడుంది, గడియారం ఎవరు చూస్తారు, విరుగుడు ఎవరు కలుపుతారు, అడ్రినలిన్ ఎవరి చేతిలో ఉంటుంది. నాలుగు పేర్లు కాగితం మీద రాసి ట్రే మూత లోపల అంటించండి. డ్యూటీ మారిన రోజున ఆ పేర్లు మార్చే బాధ్యత రాత్రి డాక్టరుది.